వృద్ధాశ్రమాల్లో మనసుకూ వైద్యం అందాలి

సంపాదకులకు నమస్కారం.

పుట్టినరోజుకో, పెద్దల వర్ధంతికో దగ్గర్లోని వృద్ధాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం మన ఊళ్లలో మంచి ఆనవాయితీగా స్థిరపడింది. ఆ దాతల పట్ల నాకు గౌరవమే ఉంది. అయితే కడుపు గురించి తీసుకుంటున్న ఈ శ్రద్ధలో కొంతైనా అక్కడున్న పెద్దల మనసు గురించి తీసుకోవడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం, జిల్లాకు ఒకటి చొప్పునైనా కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇస్తూ, వాటిలో వైద్యానికి, వినోదానికి కావలసిన సేవల ప్రమాణాలను కూడా రూపొందించవచ్చని చెప్పింది. ఆచరణలో వైద్యమంటే బీపీ, షుగర్ మాత్రలు, వినోదమంటే హాల్లో టీవీ అన్నంతవరకే చాలాచోట్ల ఆగిపోయింది.

2017-18లో వయసు పైబడుతున్నవారి ఆరోగ్యంపై దేశవ్యాప్తంగా జరిగిన 'లాసీ' సర్వేలో 60 ఏళ్లు దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించగా, తమకు ఆ జబ్బు ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారని చెప్పినవారు 0.8 శాతమే. ఇది ఇళ్లలో ఉంటున్నవారి లెక్క. ఇల్లు, ఇరుగుపొరుగు, తోడు అన్నీ వదులుకుని వచ్చినవారి పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని ఎలా అనుకోగలం?

పెద్దవాళ్లు 'నాకు దిగులుగా ఉంది' అని సాధారణంగా చెప్పరు. నిద్ర పట్టడం లేదంటారు, ఒళ్లు నొప్పులంటారు, అన్నం సయించడం లేదంటారు. వయసు మీదపడితే ఇంతేనని సిబ్బంది సరిపెట్టుకుంటారు, లేదా మతిమరుపు అనుకుంటారు. చెవులు సరిగా వినిపించనివారు నలుగురిలో కూర్చోవడమే మానేస్తే పక్కవాళ్లు దాన్ని పొగరనుకోవడమూ ఉంది. ఒక వినికిడి యంత్రం, ఒక శుక్లాల ఆపరేషన్ ఆ మనిషిని మళ్లీ మాటల్లోకి తీసుకురాగలవు. అన్నిటికన్నా నన్ను కలచివేసేది మరొకటి: ఏళ్ల తరబడి పక్క మంచంలో ఉన్న మనిషి చనిపోతే, మిగిలినవారు బాధపడతారని ఆ సంగతి దాచిపెట్టి మంచం ఖాళీ చేయించడం. కడసారి చూసుకుని, నాలుగు మాటలు చెప్పుకుని ఏడ్చే హక్కు కూడా వాళ్లకు లేకుండా చేస్తున్నాం.

పిల్లలు విదేశాల్లో ఉండి నెలనెలా డబ్బు కట్టే ఆశ్రమాల్లో వసతులు బాగుండవచ్చు గానీ ఒంటరితనం అక్కడా తప్పడం లేదు. పిల్లలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారానికోసారి చేసే ఫోను నియమంగా, ఒకే వేళకు చేస్తే ఆ పెద్దలకు ఎదురుచూపు తగ్గుతుంది. దాతలకూ నా విన్నపం ఇదే. ఏడాదికోసారి వంద మందికి వడ్డించేవారు, వారానికో గంట ఒకే మనిషి దగ్గర కూర్చోగలరేమో ఆలోచించాలి. కొత్తవాళ్లు పదిమంది వచ్చి పలకరించి వెళ్లడం కంటే, తమ పేరు, ఊరు, కష్టసుఖాలు తెలిసిన ఒక్కరు మళ్లీ రావడమే వారికి అసలైన ఆసరా.

కుంగుబాటును పసిగట్టడానికి అవును, కాదు అని జవాబు చెప్పే 15 ప్రశ్నల పరీక్ష ఎప్పటినుంచో వాడుకలో ఉంది. శిక్షణ పొందిన నర్సు కొద్ది నిమిషాల్లో చేయగలదు. 2022లో మొదలైన, ఫోనులో మానసిక సహాయం అందించే టెలీ మానస్ సేవ 14416 నంబరులోనూ, వృద్ధుల సహాయవాణి 14567లోనూ అందుబాటులో ఉన్నాయి గానీ, చేతులు వణికే మనిషికి ఆ నంబరు కలిపి ఫోను చేతికిచ్చేవారు ఉండాలి. అందుకే ఆరు నెలలకోసారి ఈ పరీక్ష, నెలకోసారి జిల్లా మానసిక ఆరోగ్య బృందం రాక, ఆయాలకు, వార్డెన్లకు శిక్షణ అనే మూడింటినీ ఆశ్రమాల నమోదుకు, గ్రాంటుకు తప్పనిసరి షరతులుగా చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి