బిళ్ళగన్నేరు ఆకుతో షుగరు వైద్యమా?

సంపాదకుల వారికి, నమస్కారం.

పరగడుపున నాలుగైదు బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగరు అదుపులోకి వస్తుందన్న చిట్కా పత్రికల ఆరోగ్యం పేజీల్లో తరచూ కనిపిస్తోంది. మందుల షాపు నడిపే ఫార్మసిస్టుగా దీని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

పెరట్లో పూల కోసం పెంచుకునే ఈ మొక్క నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. ఆ కథ మొదలైందీ షుగరుతోనే. జమైకాలో షుగరుకని ఈ ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడి ఆకులు కొన్ని కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడికి చేరాయి. ఎలుకలకు తాగిస్తే షుగరు తగ్గలేదు. అదే సారాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే ఇన్‌ఫెక్షన్లు సోకి చనిపోయాయి. చూస్తే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని, తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నాయి. ఆ ఆధారం పట్టుకునే నోబుల్, చార్లెస్ బీర్ కలిసి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు.

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగడానికి సన్నని పోగులు ఏర్పడతాయి. ఈ మందులు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని ఆ పోగుల్ని ఏర్పడనివ్వవు. క్యాన్సర్ కణం అక్కడే ఆగి చస్తుంది, మూలుగలోని మంచి కణాలకూ అదే గతి. విన్‌క్రిస్టిన్ నరాల్ని కూడా దెబ్బతీస్తుంది, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. అరికాళ్ల తిమ్మిర్లతో ముందే బాధపడుతున్న షుగరు రోగికా ఈ ఆకు?

నాలుగు ఆకులు నమిలిన ప్రతివారికీ ముప్పేనని నేను అనడం లేదు. ఆకులో ఈ మందులు ఉండేది అత్యల్పం, నోటితో తింటే ఒంటికి పట్టేదీ తక్కువే. కొన్ని జంతు ప్రయోగాల్లో ఆకు సారం షుగరు తగ్గించిన మాటా నిజమే. కానీ మొక్క రకాన్ని, వయసును, నేలను బట్టి ఆకులోని ఆల్కలాయిడ్లు (మందుగా, విషంగా పనిచేసే రసాయనాలు) మారిపోతాయి. ఎవరికి ఎంత పడుతోందో చెప్పేదెవరు? గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వేసుకునేవారికి దీంతో షుగరు మరీ పడిపోతే అదింకో ప్రమాదం.

అసలు భయం వేరే ఉంది. మా షాపుకొచ్చే ఒక పెద్దావిడ మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రల షీటు కత్తిరించనైనా కత్తిరించకుండా తిరిగి తెచ్చి ఇచ్చేసింది. "పేపర్లోనే వేశారు కద నాయనా, ఇంక మాత్రలెందుకు?" అంది. పైగా, బిళ్ళగన్నేరు దొరక్కపోతే గుడి దగ్గరి ఎర్ర గన్నేరు పనికొస్తుందా అని అడిగింది. నా గుండె ఆగినంత పనైంది. గన్నేరులోని ఒలియాండ్రిన్ అనే విషం గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు.

షుగరు నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చిట్కా ప్రకటన కాదనవచ్చు. చదివి ఆచరించే ఆ పెద్దావిడకు రెంటికీ తేడా ఏముంది?

దయచేసి ఇలాంటి చిట్కా వేసే ముందు అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడికీ, ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) చదివినవారికీ చూపించండి. మొక్క ఫోటో, శాస్త్రీయ నామం, వాడాల్సిన భాగం, గర్భిణులతో సహా ఎవరు వాడకూడదో పక్కనే ఇవ్వండి. డాక్టరును అడగకుండా మాత్రలు మానొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి. బిళ్ళగన్నేరు చిట్కా ఇప్పటికే వచ్చి ఉంటే అదే పేజీలో, అంతే చోటులో సవరణ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
ఖమ్మం