చావింట్లో ఫోను జేబులోనే ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

కోనసీమ ఊళ్లలో ఇప్పుడు ఎవరు పోయినా ఆ కబురు దగ్గరి బంధువుల కంటే ముందు ఫోన్లకు ఎక్కుతోంది. దండ వేసిన పాత ఫొటో అయితే పరవాలేదు. ముక్కుల్లో దూది పెట్టి, దవడకు గుడ్డ కట్టిన ముఖాన్ని దగ్గరగా తీసి స్టేటస్ పెడుతున్నారు. శవం మీద పడి ఏడుస్తున్న భార్యను, సొమ్మసిల్లిన తల్లిని వీడియో తీస్తున్నారు. మా మండలాల నుంచి కువైట్, మస్కట్ వెళ్లి కష్టపడుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. "నాన్నకు ఒంట్లో బాగాలేదు, బయల్దేరు" అని ఇంట్లోవాళ్లు మెల్లగా చెబుదామనుకునేలోగా, ఆ కొడుకు ఎవరో పెట్టిన స్టేటస్‌లో తండ్రి శవాన్ని చూస్తున్నాడు. దేశం కాని దేశంలో, ఓదార్చే మనిషి పక్కన లేనిచోట. ఎంత ఘోరం ఇది! రాలేని బిడ్డకు వీడియో కాల్‌లో కడసారి చూపు దక్కించడం వేరు. అది ఆ కుటుంబం కోరితే, ఆ ఇంటివాళ్లే చేయాలి.

మనిషికున్న గౌరవం అతని మృతదేహానికీ ఉంటుందని సుప్రీంకోర్టు 1995లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. మనసు నొప్పించాలనే మృతదేహాన్ని అవమానించినా, అంత్యక్రియలకు చేరినవాళ్లకు భంగం కలిగించినా భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు శిక్ష పడవచ్చు. ఫోను పట్టుకున్నవాళ్లకు నొప్పించాలనే ఉద్దేశం ఉండదు, నిజమే. అందుకే ఇది పోలీసులకు వదిలేయకుండా ఊరే సరిదిద్దుకోవలసిన పని.

పరామర్శ పేరుతో అడిగే ప్రశ్నలు కూడా తక్కువ బాధపెట్టవు. వచ్చిన ప్రతి మనిషికీ ఆ ఇల్లాలు జరిగినదంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. అంతా విని, "ఆ రాత్రే కాకినాడ తీసుకెళ్లి ఉంటే దక్కేవాడేమో" అనేసి లేస్తారు. ఆ మాట ఆమెను బతికినంతకాలం తొలుస్తుంది. వివరాలు కావాలంటే బయట పందిట్లో ఉన్న బంధువులను అడగవచ్చు కదా. మన పెద్దలకు ఈ మర్యాద తెలుసు. చావింట్లో పొయ్యి వెలగదని ఇరుగుపొరుగువాళ్లు అన్నం, చారు వండి తెచ్చి పెట్టేవారు. కాసేపు పక్కన కూర్చునేవారు, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా లేచేవారు.

ఇక పదో రోజు సంగతి. భర్త పోయిన మనిషికి గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచే తంతు కొన్ని కుటుంబాల్లో ఇంకా సాగుతోంది. దాన్ని చూడటానికి ఆడవాళ్లమే రేవు దగ్గర గుమిగూడుతున్నాం. అక్కడికీ ఫోన్లు వస్తున్నాయి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ గ్రామసభ 2022 మే నెలలో ఇలాంటి ఆచారాలు వద్దని తీర్మానం చేసింది. ఆ బాటలో నడవాలని మిగతా పంచాయతీలకు ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఒక పల్లెటూరు చేయగలిగిన పని రాజోలు, ముమ్మిడివరం, అమలాపురం చుట్టుపక్కల పంచాయతీలకు ఎందుకు చేతకాదు?

వచ్చే గ్రామసభల్లో రెండు మాటలు తీర్మానించాలని సర్పంచులను కోరుతున్నాను: కుటుంబం అనుమతి లేకుండా మృతదేహాన్ని, ఏడుస్తున్నవారిని ఫొటో తీయకూడదు, పదో రోజు తంతుకు ఏ స్త్రీనీ బలవంతపెట్టకూడదు. ఫొటోల విషయం చర్చిలో పాస్టరుగారు, మసీదులో పెద్దలు కూడా తమవాళ్లకు చెప్పాలి. ఫ్రీజర్ పెట్టెలు అద్దెకిచ్చేవాళ్లకు మరో మనవి: పెట్టె అద్దం పక్కన "ఫొటోలు తీయవద్దు" అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించి పంపండి. ఆ మాట నోరు తెరిచి చెప్పే ఓపిక ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ ఉండదు.

— ఒక పాఠకురాలు,
రాజోలు మండలం, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా