రెండు రాత్రులు కుసత్సులో ఉండాలిరా

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ప్రయాణం కాగితం రాత్రి భోజనాలయ్యాక నేనూ మీ చెల్లెలూ కూర్చుని రెండుసార్లు చదివాం. పిన్నిగారు కూడా వస్తున్నారన్న చోట తను కళ్లు తుడుచుకుంది. తెనాల్లో చదువుకున్నన్నాళ్లూ మీ ఇంట్లో నాకంటూ ఒక కంచం ఉండేదని తనకి వందసార్లు చెప్పి ఉంటాను. ఆ కంచంలో వడ్డించిన మనిషి టోక్యోలో, ఈ నిషికసాయిలో మా ఇంటికి వస్తున్నారంటే నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.

సరే, కాగితం సంగతికొస్తాను. ఎనిమిది రోజుల్లో టోక్యో, క్యోటో, ఒసాకా అన్నీ కుక్కేసి, మధ్యలో "ఒక సాయంత్రం - వేడినీటి గుండాలు" అని రాశావు. ఆ ఒక్క సాయంత్రాన్ని కొట్టెయ్యి. ఒసాకా కూడా తీసెయ్యి. ఆ మిగిలిన రోజులు నాకిస్తే మిమ్మల్ని కుసత్సు అనే వేడినీటి ఊటల కొండ ఊరికి తీసుకెళ్తాను. రెండు రాత్రులు అక్కడే ఉందాం, ఊరు దాటి ఎక్కడికీ వెళ్లొద్దు. నువ్వు వచ్చేది అక్టోబర్ రెండో సగంలో కదా, ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. సాయంత్రం దిగి పొద్దున్నే బయల్దేరితే నీళ్లలో ఒక్క మునక వేసిన ముచ్చట తప్ప ఏమీ దక్కదు. మొదటి మునకకి ఒళ్లు బెదురుతుంది. రెండో రోజు పొద్దున తనంతట తనే ఆ నీళ్లు అడుగుతుంది. అందుకే రెండు రాత్రులు అంటున్నాను.

హకోనే ఎందుకు కాదంటావేమో. అదీ వేడినీటి గుండాల ఊరే, టోక్యోకి దగ్గర, సుఖంగా వెళ్లిరావచ్చు, మబ్బు లేకపోతే ఫుజి కొండ కూడా కనిపిస్తుంది. మా ఆఫీసుకి మనవాళ్లు ఎవరొచ్చినా అక్కడికే పంపిస్తాను. నువ్వు మాత్రం ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఆమ్లాలూ క్షారాలూ చెప్తున్నవాడివి. నిన్ను కుసత్సు తీసుకెళ్లకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను.

ఎందుకో చెప్తాను విను. ఊరి నడిబొడ్డున యుబతకే అని ఉంటుంది. ఆ మాటకి వేడినీటి పొలం అని అర్థం. పేరుకి తగ్గట్టే ఉంటుంది. నేలలోంచి నిమిషానికి నాలుగు వేల లీటర్ల దాకా నీళ్లు పైకొచ్చి, వరసగా పరిచిన ఏడు పొడవాటి చెక్క కాలువల మీదుగా మెల్లగా పారి, చివర జలపాతంలా కిందికి దూకుతాయి. ఊరు మొత్తం మీద ఊటలన్నీ కలిపితే నిమిషానికి 32 వేల లీటర్ల పైమాటే. మోటార్లతో తోడేది కాదు, తనంతట తనే ఉబికేది. ఆ చెక్క కాలువలు అందానికి పెట్టినవి కావు. నీళ్లు పైకి వచ్చేటప్పుడు యాభై డిగ్రీలు దాటి ఉంటాయి, వాటి మీద పారేలోపు కాస్త చల్లారతాయి. అడుగున పసుపుపచ్చగా గంధకం తేరుతుంది. దాన్ని గోకి ఎండబెట్టి అమ్ముతారు, పేరు యునోహన, అంటే వేడినీటి పువ్వు. రాత్రిపూట దీపాల వెలుగులో ఆవిరి లేస్తూ ఆ కాలువలు ఎలా కనిపిస్తాయో నేను రాయలేను, వచ్చి చూడాల్సిందే.

ఇక నీకు కావలసిన లెక్క. ఆ నీళ్ల పీహెచ్ రెండు చిల్లర. అంటే నిమ్మరసంలో మునిగినట్టే. చేతి మీద చిన్న గీత ఉన్నా చురుక్కుమంటుంది. పెదవికి తగిలితే పుల్లగా, కాస్త ఇనుము రుచి. ఇనప మేకుని పది రోజులు నానేస్తే సూదిలా అరిగిపోతుందని అక్కడివాళ్లు చెప్తారు. ఈ నీళ్లు కలిసే నదిలో ఒకప్పుడు చేపనేది లేదు, పొలాలకి పనికొచ్చేవి కావు, వంతెనల కాంక్రీటుని తినేసేవి. అందుకని 1964 నుంచి ఊరి పక్కనే ఒక కేంద్రం పెట్టి, సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి, ఆమ్లం విరగడానికి ఆ పాలని రాత్రీ పగలూ నదిలోకి వదులుతున్నారు. ఒక్కరోజు కూడా ఆపరు. నువ్వు బ్యూరెట్ పట్టుకుని చుక్క చుక్క వదిలి చూపించే పాఠాన్ని వాళ్లు ఒక నది మీద అరవై ఏళ్లుగా చేస్తున్నార్రా! మొదటిసారి ఆ తెల్లటి నీళ్లు కలుస్తున్న చోట నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది నువ్వే.

ప్రయాణం తేలికే. మా ఇంటి నుంచి మెట్రోలో ఉఎనో, అక్కడ "కుసత్సు-షిమా" అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండున్నర గంటల్లోపు నగనోహర-కుసత్సుగుచి. స్టేషన్ బయటే బస్సు, ఇరవై ఐదు నిమిషాలు కొండెక్కుతుంది. అన్నీ రిజర్వు సీట్లే, నేను ముందే తీసి ఉంచుతాను. షింజుకు నుంచి నేరుగా బస్సు ఉంది గానీ నాలుగు గంటలు పడుతుంది. పిన్నిగారికి బస్సు పడదు కదా, రైలే మేలు. దారిలో యాన్బ డ్యామ్ వస్తుంది. 1952లో మొదలైన ఆలోచన, 2020లో గానీ కట్టడం పూర్తవలేదు. పాత రైలు దారినీ, ఒక పాత స్నానాల ఊరినీ తీసి పైకి మార్చేశారు. కిటికీలోంచి చూస్తే కొత్త ఇళ్లు, కొత్త వంతెనలు. శ్రీశైలం ముంపు ఊళ్ల గురించి మీ తాతగారు చెప్పే కబుర్లు అక్కడికి రాగానే గుర్తొస్తాయి నాకు.

కుసత్సు దాదాపు 1,200 మీటర్ల ఎత్తు. అరకు కంటే ఎత్తే. అప్పటికి ఆకులన్నీ ఎర్రబడి ఉంటాయి, రాత్రిళ్లు బాగా చలి. పిన్నిగారికి ఉన్ని సాక్సులు కొను. చీర మీద వేసుకునే స్వెటరు చాలదు, కోటు మా ఇంట్లో ఉంది, అది ఇస్తాం.

స్నానం గురించి నీకు మొహమాటం ఉంటుందని తెలుసు. అక్కడ బట్టలతో దిగడం ఉండదు. ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకోవాలి, ఆ తర్వాతే గుండంలోకి. చేతి తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, నెత్తి మీద పెట్టుకుంటారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు బట్టల గదిలో చాలాసేపు నిలబడిపోయాను. లోపలికి వెళ్లాక తెలిసింది, ఎవరూ ఎవర్నీ చూడరు. మనం చిన్నప్పుడు కాలవలో దూకేటప్పుడు ఎవరు చూశార్రా? అంతే. అయితే ఆరోజు ఒక పొరపాటు చేశాను. హాయిగా ఉందని పావుగంట పైన ఉండిపోయాను. లేచేసరికి కళ్లు తిరిగాయి. పక్కనున్న పెద్దాయన నన్ను పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, చన్నీళ్లు తెచ్చిచ్చి, మూడు వేళ్లు చూపించాడు. మూడు నిమిషాలు, లేచి ఆగు, మళ్లీ మూడు నిమిషాలు. అది పాత పద్ధతి. పూర్వం 48 డిగ్రీల నీళ్లలో సరిగ్గా మూడు నిమిషాలు కూర్చునేవారట. చన్నీళ్లు కలిపితే మందు పలచనవుతుందని, స్నానానికొచ్చినవాళ్లే వరసగా నిలబడి పొడవాటి చెక్కలతో నీళ్లు తిరగేసి చల్లార్చేవారు. యుమొమి అంటారు. యుబతకే పక్కనే ఒక హాల్లో ఇప్పటికీ చేసి చూపిస్తారు. చెక్కలన్నీ ఒకేసారి నీళ్ల మీద పడే ఆ చప్పుడు పిన్నిగారికి నచ్చుతుంది, చూడు.

పిన్నిగారి కోసం గంట లెక్కన అద్దెకిచ్చే విడి స్నానాల గది ఉన్న ర్యోకాన్, అంటే జపాన్ పద్ధతి సత్రం, ఒకటి చూశాను. చెల్లెమ్మ తోడుండి దింపుతుంది, బయటివాళ్లెవరూ రారు. బీపీ మాత్రలు వేసుకుంటారు కదా, ఈ నీళ్ల వేడి ఎంతో చెప్పి డాక్టర్ని తప్పకుండా అడుగు. వద్దంటే బాధపడాల్సింది లేదు, యుబతకే గట్టునే కాళ్లు పెట్టుకునే తొట్టి ఉంది, చీర కాస్త పైకెత్తుకుని కూర్చుంటే చాలు. ఆ నీళ్లు కళ్లలో మాత్రం పడనివ్వొద్దు. ఇంకొకటి, యుబతకేలో చెక్కలతో కట్టిన చదరపు గడి ఒకటి ఉంటుంది. అప్పట్లో దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు, ఎనిమిదో తొకుగవ షోగన్ యొషిమునె కోసం అక్కడి నీళ్లు తోడి, ఇప్పటి టోక్యో అయిన ఎదో నగరంలోని కోటకి మోసుకెళ్లేవారు. పిన్నిగారికి అది చూపించి కాశీ చెంబు కథ చెప్పించాలని నా కోరిక.

ఇది చెల్లెమ్మకి చదివి వినిపించు. వెండి ఏదీ ఒంటి మీద ఉంచుకోవద్దు. మూడేళ్ల కిందట మీ చెల్లెలు మెట్టెలతోనే దిగింది. గదికొచ్చి కాళ్లు తుడుచుకుంటుంటే వేళ్ల చుట్టూ రెండు నల్లటి చుట్లు, పొయ్యిలోంచి తీసినట్టు. పెళ్లినాటి మెట్టెలు. ఆ రాత్రంతా తనకి నిద్ర లేదు. నీకు గుర్తుందా, గాభరాగా ఫోన్ చేస్తే అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లలో వంటసోడా వేసి అందులో ముంచమన్నావు? అది ఈ ఊళ్లోనే. ఇంటికొచ్చాక నువ్వు చెప్పినట్టే చేశాం. రేకు తగిలిన చోట నుంచి నలుపు విరుగుతూ తెలుపు తేలుతుంటే తను గిన్నె మీద నుంచి తల ఎత్తలేదు. రెండోసారి వెళ్లేటప్పుడు మా అత్తగారు ఉపాయం చెప్పారు. మెట్టెలు దేవుడి దగ్గర పెట్టి వేళ్లకి పసుపు దారం, మెడలో పసుపు తాడుకి కొమ్ము. అలాగే వెళ్లొచ్చింది, మనసుకి ఏ ఇబ్బందీ లేకుండా.

తిండి విషయం కాస్త కష్టమే, దాచను. ర్యోకాన్‌లో రాత్రి భోజనం చూడ్డానికి పూలబుట్టలా ఉంటుంది. కానీ కూరగాయల పులుసులో కూడా చేపల నీళ్లు పోస్తారు, దాషి అంటారు. సోబా నూడుల్స్ ముంచుకునే రసంలోనూ అదే. నీకూ నాకూ పర్వాలేదు, పిన్నిగారికి కుదరదు. అందుకని భోజనం లేకుండా గది మాత్రమే తీసుకుందాం. కన్వీనియెన్స్ స్టోర్లో సాదా అన్నం పెట్టెలు దొరుకుతాయి, అక్కడే వేడి చేసుకోవచ్చు. చక్కెర లేని పెరుగు దొరుకుతుంది. కందిపొడి, గోంగూర, నెయ్యి మన దగ్గరుంటే ఇంకేం కావాలి! పొడులు, పచ్చళ్లు గట్టిగా సీలు చేయించి తీసుకురా. పచ్చి కరివేపాకు తేవద్దు, ఆకులకి ఎయిర్‌పోర్టులో ధ్రువపత్రం అడుగుతారు. మాంసం పచ్చళ్లు ఏవీ రానివ్వరు, కోడి పచ్చడి కూడా అంతే. నాకోసం అని చెల్లెమ్మ పెట్టేస్తుందేమో, ముందే చెప్పు. ఆవిరి మీద ఉడికించే మంజూ అని, లోపల తీపి చిక్కుడు ముద్ద పెట్టిన బూరెల్లాంటివి ఉంటాయి. వేడివేడిగా వీధిలోనే అమ్ముతారు. అవి పిన్నిగారు తినొచ్చు.

పటంలో పచ్చటి సరస్సు చూసి అడిగావు. అది షిరనె అగ్నిపర్వతం మీది బిలం. ఊరంతటి వేడికీ మూలం ఆ కొండే. 2018 జనవరిలో పక్క శిఖరం పేలి ఒక ప్రాణం కూడా పోయింది. హెచ్చరిక స్థాయిని బట్టి దారి మూస్తారు, తెరుస్తారు. నేను మాటివ్వను. బదులుగా సైనొకవర తోటకి నడిచి వెళ్దాం. రాళ్ల మధ్య వేడి వాగు పారుతుంటుంది, కొసన ఆకాశం కింద పెద్ద గుండం ఉంది. దారిలో ఎర్విన్ బెల్ట్స్ అనే జర్మన్ డాక్టరు విగ్రహం చూస్తావు. 1876లో టోక్యోలో వైద్యం చెప్పడానికి వచ్చినవాడు. ఈ నీళ్ల గొప్పదనం బయటి ప్రపంచానికి చాటింది ఆయనే.

మూడోరోజు పొద్దున మనిద్దరమే ఒకచోటికి వెళ్దాం. కుష్టు రోగులు ఈ నీళ్లకి తగ్గుతుందన్న ఆశతో ఒకప్పుడు ఇక్కడికి చేరేవారు. ఊరి చివర వాళ్లకంటూ ఒక పేట ఉండేది. కార్న్‌వాల్ లీ అనే ఇంగ్లీషావిడ 1916లో వచ్చి వాళ్ల మధ్యే ఏళ్ల తరబడి సేవ చేసింది. తర్వాత 1932లో ప్రభుత్వం ఆసుపత్రి కట్టి రోగుల్ని అక్కడికి తరలించింది. ఎదురు చెప్పినవాళ్లని శిక్షించడానికి 1938లో అక్కడే చీకటి కొట్లు కట్టారు. తొమ్మిదేళ్లలో 93 మందిని అందులో వేస్తే 23 మంది చనిపోయారు. ఆ కొట్టు ఒకదాన్ని కొలతల ప్రకారం మళ్లీ కట్టి మ్యూజియంలో పెట్టారు. గోడకి పైన చిన్న కిటికీ, నేల మీద పలచటి పరుపు, తలుపు కింద అన్నం తోసే కంత. అక్కడి చలికాలం తెలిసినవాణ్ణి కాబట్టి నేను ఆ గడప దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను. రోగుల్ని అలా వెలివేసి ఉంచిన చట్టం రద్దయింది 1996లో, మనం కాలేజీలో ఉండగా. ఈ ఊరి నీళ్లలో హాయిగా మునిగి, ఆ గది చూడకుండా తిరిగి రావడం నాకు సరిగ్గా అనిపించదు. నీకూ అనిపించదనే నా నమ్మకం.

శనివారం రాత్రి ఖరీదు బాగా ఎక్కువ, జనం కూడా విపరీతం. ఆదివారం మధ్యాహ్నం చేరి మంగళవారం దిగిపోదాం. ఉదయం ఐదున్నరకి నిన్ను లేపుతాను, ముందే చెప్తున్నాను. ఆ వేళ యుబతకే దగ్గర మనిషి ఉండడు, పొగమంచూ ఆవిరీ కలిసిపోయి ఎదుటి గట్టు కనిపించదు.

ర్యోకాన్ ఆవిడ మన కోసం రెండు గదులు వచ్చే గురువారం దాకా ఆపి ఉంచుతానంది. చెల్లెమ్మతో, పిన్నిగారితో మాట్లాడి బుధవారం రాత్రిలోగా ఫోన్ చెయ్యి. మీకు ఏడైతే ఇక్కడ పదిన్నర, మెలకువగానే ఉంటాను. పిన్నిగారికి కింద చాప మీద పరుపు వేస్తే లేవడం కష్టమా, మంచం ఉన్న గది అడగనా, అది మాత్రం మర్చిపోకుండా కనుక్కో.

నీ
రమణ