బాంబుల కంటే ముందే రంగం దారి మూశారు

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో మన విశాఖ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 1942 ఏప్రిల్ 6 నాటి జపాన్ బాంబుల సంగతి బాగానే రాశారు గానీ, మనవాళ్ళు కూలి పనికి రంగం (అంటే రంగూన్, బర్మా దేశం; ఇప్పటి మయన్మార్) పోవడం ఆ బాంబులతోనే ఆగిందన్న మాట సరికాదు. అంతకు ముందే కాగితాలతో ఆపడం మొదలైంది.

విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి కూలీలు, వాళ్ళని పనికి కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని, డెక్కు టికెట్టు (ఓడ పైతట్టు మీద చవక ప్రయాణం) మీద స్టీమరెక్కి పోయి రంగూన్ రేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. పాస్‌పోర్టు ఊసే లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశాక కూడా కొన్నేళ్ళు అలాగే నడిచింది. 1941 జూలైలో వలసల మీద ఇండో-బర్మా ఒప్పందం బయటికొచ్చింది, ఇక చూడండి, పాస్‌పోర్టు కావాలి, పర్మిట్ కావాలి, పర్మిట్‌కి ఫీజు, అక్కడ ఉంటున్నందుకు ఇంకో రుసుము. ఇటూ అటూ ఏలేది ఒకే రాజు మరి! అక్కడి ఆడవాళ్ళతో కాపురం పెడితే పర్మిట్ రద్దు చెయ్యొచ్చని కూడా షరతు. గాంధీగారు ఈ ఒప్పందాన్ని గట్టిగానే తప్పుబట్టారు.

బర్మావాళ్ళ కోపానికి కారణం లేదనను. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగం మందికి పైగా ఇండియన్లే. 1930 మేలో మన తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే బర్మావాళ్ళని పనిలోకి దింపారు, సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నారు, దాంతో అల్లర్లు రేగి వంద మందికి పైగా చచ్చిపోయారు. ఆ తర్వాత ధాన్యం ధర పడిపోయి రైతుల పొలాలు అప్పుల కింద చెట్టియార్ల (వడ్డీ వ్యాపారం చేసే తమిళ షావుకార్ల) చేతికి పోయాయి. పొలాలు చేజిక్కింది షావుకార్లకి, కొత్త ఫీజు కట్టలేక ఒడ్డున ఆగిపోవాల్సింది మాత్రం మన ఉత్తరాంధ్ర కూలీ. నాకు అన్యాయం అనిపించేది ఇక్కడే.

ఒప్పందం 1941 అక్టోబరు 1న అమల్లోకొస్తే డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. తర్వాత బర్మా పడమటి తీరంలోని అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా జనం నడిచి వచ్చిన కథ అందరూ చెప్పేదే.

బీచ్ రోడ్డు విశాఖ మ్యూజియంలో జపాన్‌వాళ్ళు వేసిన బాంబు పెట్టారు కదా, దాని పక్కనే ఈ ఒప్పందం గురించి ఒక బోర్డు పెట్టమని నగరపాలక సంస్థకి మీ పత్రిక ద్వారా మనవి. రంగం వెళ్ళొచ్చిన కుటుంబాల్లో ఎవరి దగ్గరైనా ఆనాటి పాస్‌పోర్టో, పర్మిట్టో, డెక్కు టికెట్టో మిగిలుంటే దాన్ని కూడా అడిగి తీసుకుని అక్కడే పెట్టొచ్చు.

ఇట్లు,
కంచరపాలెం నుంచి ఒక పాఠకుడు, విశాఖపట్నం