కార్డు అడిగితే అందరినీ అడగండి: కాలిఫోర్నియా గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గవర్నర్ గారికి నమస్కారం. క్యాంపస్ పోలీసులు రంగు చూసి కొందరినే స్టూడెంట్ ఐడీ కార్డు అడగడం గురించి ఈ ఉత్తరం.

మీకు తెలుగు రాదని తెలుసు, ఇంగ్లీష్ కాపీ మీ ఆఫీసుకి వేరే పంపిస్తున్నా. ఇది మాత్రం మావాళ్ల కోసం కూడా, ఎందుకంటే ఎంఎస్‌కి ఫ్లైట్ ఎక్కే మా పిల్లలకి ప్రెషర్ కుక్కర్ ఏ పెట్టెలో సర్దాలో కూడా చెప్పి పంపిస్తారు గానీ, అక్కడ క్యాంపస్ పోలీసంటే గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ కాదు, నడుముకి తుపాకీ ఉన్న అసలు పోలీసే అని ఎవరూ చెప్పరు.

మీకే ఎందుకంటే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాని నడిపే రీజెంట్స్ బోర్డుకి పదవి రీత్యా ప్రెసిడెంట్ మీరే. ఈ సంగతి నాకూ ఈమధ్యే తెలిసింది.

ముందు నా ముచ్చట. నేను చదివింది మీ స్టేట్‌లో కాదు, పేరు వద్దులెండి. అర్ధరాత్రి దాటాక ల్యాబ్‌లో ఐదుగురం ఉన్నాం. క్యాంపస్ పోలీసు ఒకాయన వచ్చి నన్నూ నా పక్కనున్న నైజీరియా ఫ్రెండ్‌నీ కార్డు అడిగాడు, మిగతా ముగ్గురూ తెల్లవాళ్లు, వాళ్ల వైపు చూడను కూడా చూడలేదు. నా కార్డు కుర్చీకి తగిలించిన జాకెట్ జేబులో ఉంది, గబుక్కున చెయ్యి పెట్టబోతే ఆ ఫ్రెండ్ మెల్లిగా, ఆగు, ముందు చెప్పి అప్పుడు తియ్యి అన్నాడు. ఏం కాలేదు, ఆయన కార్డులు చూసి వెళ్లిపోయాడు. కానీ ఆ జాగ్రత్త వాడికి ఎక్కడ అలవాటైందో అడగాలంటే నాకు నోరు రాలేదు.

మీ దగ్గర 2006 నవంబర్ 14 రాత్రి జరిగింది గుర్తుంది కదా? యూసీఎల్ఏ, అంటే ఆ యూనివర్సిటీ లాస్ ఏంజిలస్ క్యాంపస్, పావెల్ లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్. పదకొండు దాటితే కార్డు చూపించాలని రూలు. ఇరాన్ మూలాలున్న ఒక స్టూడెంట్, నన్నే ఎందుకు అడుగుతున్నారు అని చూపించలేదు. పోలీసులు వచ్చేసరికి బయటికి పోతున్నాడంట, అయినా పట్టుకుని టేజర్ (కరెంటు షాక్ కొట్టే తుపాకీ) పెట్టారు, ఒకసారి కాదు ఐదుసార్లు, చేతులకి బేడీలు వేశాక కూడా. లేచి నిలబడు, లేకపోతే మళ్లీ పెడతాం అంటారు, కరెంటు షాక్ తిన్నోడు ఎలా లేస్తాడండీ? చుట్టూ ఉన్న పిల్లలు బ్యాడ్జి నంబర్ అడిగితే నీకూ పెడతా అని వాళ్లనీ బెదిరించారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు కాబట్టి ఇదంతా బయటికొచ్చింది.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది తర్వాత జరిగిందానికి. క్యాంపస్ పోలీసులు వాళ్ల మీద వాళ్లే ఎంక్వైరీ చేసుకుని రూల్స్ ప్రకారమే చేశాం అన్నారు, బయటివాళ్లు చేసిన ఎంక్వైరీలో మాత్రం పాలసీ తప్పారని తేలింది. అదే రాత్రి, అదే వీడియో! చివరికి 2009లో ఆ స్టూడెంట్‌తో 2,20,000 డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. ఆ డబ్బు పోలీసు జేబులోంచి పోలేదు.

పాత కథ అంటారేమో. 2018లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ చూడ్డానికి ఏడు గంటలు కారేసుకొచ్చిన ఇద్దరు నేటివ్ అమెరికన్ అన్నదమ్ముల్ని, మౌనంగా ఉన్నారు, భయంగా ఉంది అని ఎవరో తల్లి ఫోన్ చేస్తే క్యాంపస్ పోలీసులు టూర్ మధ్యలోంచి పక్కకి తీసుకెళ్లారు. మాట్లాడకపోయినా తప్పే! 2019లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో మళ్లీ అదే, రాత్రి పదకొండు, కార్డు, ఒక నల్లజాతి కుర్రాడు, సెక్యూరిటీ వాళ్లు కౌంటర్‌కేసి అదిమి పట్టారు.

కార్డు అడగొద్దని నేననట్లేదు, అర్ధరాత్రి లైబ్రరీలో ఆడపిల్లలు కూడా కూర్చుంటారు. తలుపు దగ్గరే అందరినీ అడగండి. చూపించకపోతే బయటికి పంపండి, దానికి టేజర్ ఎందుకు? దెబ్బ తగిలిన ప్రతి కేసులో ఎంక్వైరీ బయటివాళ్లకే ఇవ్వండి. 2015లో మీ స్టేట్ చేసిన చట్టం ప్రకారం పోలీసులు ఎవర్ని ఆపినా వాళ్లు ఏ జాతిలా కనిపించారో రాసుకోవాలి కదా, ఆ లెక్క క్యాంపస్‌వారీగా లైబ్రరీ నోటీస్ బోర్డు మీద పెట్టించండి.

మా పిన్ని కొడుకు ఈ ఆగస్టులో మీ స్టేట్‌కే వస్తున్నాడు. కార్డు జేబులో పెట్టకురా, మెడలో వేసుకో అని ఇప్పటికే ఫోన్‌లో చెప్పాను.

ఇట్లు,
ఒక పాత స్టూడెంట్