ఆ కాటలీనాలో ఉన్నవాళ్ళు

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? పిల్లలు, చెల్లెమ్మ బాగున్నారా? 1942లో వైజాగ్ మీద జపాన్ వాళ్ళు బాంబులేశారంటే మీవాడు నమ్మట్లేదన్నావు కదా. వేశారని చెప్పు. ఏప్రిల్ 6న. ర్యూజో అనే విమానవాహక నౌక మీద నుంచి వచ్చిన విమానాలు మన రేవు మీదా, కాకినాడ మీదా పడ్డాయి. ఈసారి వచ్చినప్పుడు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి తీసుకెళ్ళు, అప్పటి బాంబు ఒకటి అక్కడే ఉంది.

అయితే ఇవాళ ఇంత పొడుగు ఉత్తరం వైజాగ్ గురించి కాదు. దానికి రెండు రోజుల ముందు సిలోన్ (ఇప్పటి శ్రీలంక) అవతల సముద్రంలో కూలిన కాటలీనా అనే గస్తీ విమానం గురించి. దాన్ని నడిపినవాడు కెనడాలో మీ అంటారియో మనిషే. పేరు లెనర్డ్ బర్చాల్, పుట్టింది సెయింట్ క్యాథరీన్స్‌లో. ఇక్కడి నుంచి ఎవరొచ్చినా నయాగరా చూపించడానికి బయల్దేరతావే, ఆ దారిలో తగిలే ఊరే.

కెనడా వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్. వాళ్ళ 413వ స్క్వాడ్రన్ అప్పటిదాకా స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఉండేది. ఆ చలిలోంచి లేపి సిలోన్‌కి పంపారు. గాలె దగ్గర కొగ్గల సరస్సు స్థావరం, ఎందుకంటే కాటలీనా నీళ్ళ మీద దిగే రకం. ఏప్రిల్ 2న వచ్చాడు, 4న తెల్లారకముందే గస్తీకి లేచాడు. ఊరు కూడా సరిగా చూసుండడు పాపం.

కాటలీనా ఒక రోజంతా గాల్లో ఉండగలదు, కానీ పరుగు లేదు. గంటకి మూడొందల కిలోమీటర్లు దాటడమే గగనం. జపాన్ వాళ్ళ జీరో అనే ఫైటర్ విమానం ఐదొందలు దాటిపోతుంది. జీరోలకి చిక్కిన కాటలీనా అంటే ఘాట్ రోడ్డెక్కుతున్న లోడు లారీయే, తప్పించుకునే ప్రశ్నే లేదు.

సాయంత్రం నాలుగవుతోంది. ఇక వెనక్కి తిరగడమే తరువాయి అనుకుంటుండగా దక్షిణాన చుక్కలు కనిపించాయి. సిలోన్‌కి సుమారు 350 మైళ్ళ దూరంలో. అక్కడే తిరిగిపోయి 'ఏవో ఓడలున్నాయి' అని చెప్పొచ్చు. కానీ అది ఎవరికీ పనికిరాదు కదా. ఎన్ని ఓడలు, ఏ రకం, ఎటు వెళ్తున్నాయి, ఎంత వేగం, ఇవన్నీ కావాలి. దగ్గరికెళ్తే తప్ప తెలియవు. వెళ్ళారు. అవి పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళానివి. ఐదు విమానవాహక నౌకలు, నాలుగు యుద్ధనౌకలు!

రేడియోలో సందేశం మూడుసార్లు పంపాలని నియమం. రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి మధ్యలో ఉండగా జీరోల గుళ్ళు రేడియోని పిండి చేశాయి. ట్యాంకులు అంటుకున్నాయి. ఎలాగో నీళ్ళ మీద దించాడు.

లోపల తొమ్మిది మంది. ఒకతని కాలు గుండు తగిలి తెగిపోయింది, విమానంతో పాటే మునిగిపోయాడు. ఇద్దరికి తీవ్రంగా గాయాలైతే లైఫ్ జాకెట్లు తొడిగి నీళ్ళలోకి దించారు. చుట్టూ పెట్రోలు మండుతోంది, పైనుంచి జీరోలు కాలుస్తూనే ఉన్నాయి. మిగతావాళ్ళు గుళ్ళు వచ్చినప్పుడల్లా మునిగి తేలుతున్నారు. లైఫ్ జాకెట్లు వేసుకున్న ఆ ఇద్దరూ మునగలేరు. నీళ్ళలోనే ప్రాణం పోయింది. బతికించడానికి తొడిగిన జాకెట్లురా!

మిగిలిన ఆరుగురిని ఇసొకాజే అనే జపాన్ యుద్ధనౌక ఎక్కించుకుంది. సందేశం పంపారా లేదా అని కొడుతూనే ఉన్నారు. పంపలేదని వీళ్ళ పట్టు. ఇంతలో కొలంబో వాళ్ళు 'సగమే అందింది, మళ్ళీ పంపండి' అని రేడియోలో అడిగారట. అది కాస్తా జపాన్ వాళ్ళ చెవిన పడింది. మళ్ళీ మొదలుపెట్టారు.

మర్నాడు ఈస్టర్ ఆదివారం. కొలంబో మీద దాడి జరిగింది, కానీ రేవులో చాలా ఓడలు అప్పటికే ఖాళీ చేశాయి. అందుకే బర్చాల్‌ని 'సిలోన్ రక్షకుడు' అన్నారు. నాకైతే ఆ బిరుదు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. దాడి వస్తుందని బ్రిటిష్ వాళ్ళకి ముందే వేగు అందింది. పైగా ఇంత హెచ్చరిక ఉండి కూడా ఆ పొద్దున రాడార్ సకాలంలో చెప్పలేదు, ఫైటర్లు నేల మీద ఉండగానే శత్రువు నెత్తిమీదికి వచ్చేశాడు. కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలు రెండూ ఆ రోజే మునిగి 424 మంది పోయారు.

నన్నడిగితే ఆయన గొప్పతనం జపాన్ క్యాంపుల్లో చూడాలి. ఇళ్ళలో వీళ్ళు చనిపోయారనే అనుకున్నారు. మొదట యొకొహామా దగ్గర ఒఫూనా అనే విచారణ క్యాంపులో పెట్టారు. తర్వాతి క్యాంపుల్లో తోటి ఖైదీలకి ఈయనే పెద్ద దిక్కు. ఒకసారి విరేచనాలతో నీరసించినవాళ్ళని రేవు పనికి పంపమంటే, వాళ్ళని వదిలేదాకా ఎవరూ పని ముట్టొద్దని అందరినీ ఆపేశాడు. మన భాషలో సమ్మె, అదీ తుపాకుల ముందు! చివరికి రోగుల్ని వదిలేశారు, ఈయన్ని మాత్రం చావగొట్టి ఒమొరి క్యాంపుకి తోలారు. దొంగచాటుగా డైరీలు కూడా రాశాడు. యుద్ధం అయ్యాక నేరవిచారణల్లో అవే సాక్ష్యాలయ్యాయి. 2004లో కింగ్‌స్టన్‌లో పోయాడు, 89 ఏళ్ళు.

ఇప్పుడు అసలు మాట. ఏప్రిల్ 9న అదే స్క్వాడ్రన్ నుంచి థామస్ అనే ఫ్లైట్ లెఫ్టినెంట్ ఇంకో కాటలీనాలో వెళ్ళి అదే నౌకాదళాన్ని చూశాడు. బర్చాల్ చేసిందే చేశాడు, సందేశం మధ్యలోనే ఆగిపోయింది. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ రోజు సిలోన్‌లోనే ట్రింకోమలీ రేవు మీద దాడి, హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక మునక, వాటి గురించి అందరూ రాస్తారు. థామస్‌కి ఒక వాక్యం దక్కితే గొప్ప. బర్చాల్ తప్పేం లేదు, బతికినవాడు చెప్పుకోగలడు. నాకు మాత్రం ఈ థామస్ మీదే మనసు పోతోంది.

మీ లైబ్రరీలో 413 స్క్వాడ్రన్ గురించి ఏదైనా దొరికితే థామస్ ఉన్న పేజీలు ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి. మీవాడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు, తెలుగు అర్థం కాకపోతే నువ్వే చెప్పు. డిసెంబర్ టికెట్లు ఇప్పుడే తీసుకో, తర్వాత మండిపోతాయి.

నీ
సూరి