బీరువాలో కిట్లు ఎందుకు, పిల్లల చేతికివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. బడులు తెరిచి నెల దాటింది, ప్రైమరీ పిల్లలకి చదవడం రావట్లేదు లెక్కలు రావట్లేదు అని మీ పేపర్లో వరసగా ఉత్తరాలు వస్తున్నాయి, రాసినవాళ్ళ బాధ నిజమే, నేను కాదనను. కానీ అందరూ కొత్త కిట్లు ఇవ్వాలి, కొత్త ట్యాబులు ఇవ్వాలి అంటున్నారు, అక్కడే నాకు ఒక మాట చెప్పాలనిపించింది. మాకు సామాను లేక కాదండీ, వచ్చిన సామాను పిల్లల చేతి దాకా వెళ్ళట్లేదు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక స్కూల్లో బీరువా నిండా సామాను ఉండేది. త్రాసు, బీకర్లు, అయస్కాంతాలు, భూతద్దాలు, గ్లోబు, చాలావాటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇన్‌స్పెక్షన్ రోజు బయటకి తీసి బల్ల మీద పేర్చేవాళ్ళు, సాయంత్రం లెక్క చూసి లోపల పెట్టి తాళం వేసేవాళ్ళు. అప్పటి హెచ్ఎం గారిని నేను తప్పు పట్టను, ఎందుకంటే ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యి చార్జి అప్పగించేటప్పుడు స్టాక్ రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు చూపించాలి, ఒక భూతద్దం తగ్గితే ఎక్కడికి పోయిందో ఆయనే సమాధానం చెప్పుకోవాలి, మరి ఏడేళ్ళ పిల్లాడి చేతికి గాజు బీకరు ఇచ్చే ధైర్యం ఎవరికుంటుంది? ఆ భయం వల్ల అయిదేళ్ళు అక్కడ చదివి వెళ్ళిపోయిన పిల్లలు అయస్కాంతాన్ని పుస్తకంలో బొమ్మగానే చూశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడున్న స్కూల్లో మేము ఇద్దరం టీచర్లం, అయిదు క్లాసులు. ఇక్కడ ఏం చేస్తున్నామో కొంచెం చెప్తాను.

మధ్యాహ్న భోజనానికి ప్రైమరీ పిల్లలకి తలకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు లెక్క. పొద్దున అటెండెన్స్ అయ్యాక ఆ రోజు ఎంత బియ్యం కావాలో అయిదో క్లాసు పిల్లలు ఇద్దరు లెక్క కట్టి, వంట చేసే ఆమె దగ్గరికి వెళ్ళి దగ్గరుండి తూకం చూస్తారు. ఒకరోజు 43 మంది వచ్చారు, ఒక పిల్లాడు 43 కేజీలు అని రాసుకుని వెళ్ళాడు. నేనేం అనలేదు. వాడు అక్కడికెళ్ళి బియ్యం బస్తా చూశాడు, దాని మీద 50 కేజీలు అని రాసి ఉంది, రోజుకి దాదాపు ఒక బస్తా అయిపోతుందా అని వాడికే అనుమానం వచ్చి వెనక్కి వచ్చాడు. 4,300 గ్రాములు అంటే 4 కేజీల 300 అని వాడే సరిచేసుకున్నాడు. బోర్డు మీద గ్రాములూ కేజీలూ నేను వందసార్లు మార్చి చూపించి ఉంటాను, అది ఎక్కనివాడికి బస్తా చూడగానే ఎక్కింది.

ఒకటి, రెండు క్లాసుల పిల్లలకి పొడుగు చెంబు, వెడల్పు గిన్నె పెట్టి దేంట్లో ఎక్కువ నీళ్ళు పడతాయి అంటే అందరూ చెంబే అంటారు. గ్లాసుతో పోసి లెక్కపెట్టండి అంటే పోస్తారు, గిన్నెలో రెండు గ్లాసులు ఎక్కువ పడతాయి, అయినా కొందరు నమ్మకుండా మళ్ళీ మళ్ళీ పోసి చూస్తారు. ఆ పూట వరండా అంతా తడి, నోటుబుక్కులో ఒక్క అక్షరం ఉండదు. ఆ టైములో ఎవరైనా వచ్చి చూస్తే ఈ బడిలో చదువు లేదు అనుకుంటారు.

పోయినేడు తెలుగు పాఠంలో "పుట్టెడు దుఃఖం" అన్న మాట వస్తే పుట్టి అంటే ఏంటి సార్ అని ఒక పాప అడిగింది. ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగి రండి అన్నాను. మర్నాడు ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మనే వెంటబెట్టుకుని వచ్చింది, ఆవిడ అటక మీద నుంచి గిద్ద, సోల, మానిక దింపి కొంగులో కట్టుకుని తెచ్చారు. కొలతలు ఊరిని బట్టి మారతాయి గానీ మా వైపు లెక్క ఆవిడ చెప్పారు, నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పిల్లలు ఇసక పోసి గిద్ద నుంచి మానిక దాకా నిజంగానే కొలిచారు, ఆపైన పలక మీద లెక్క కట్టారు, పుట్టికి 5,120 గిద్దలు అని తేలింది. తేలగానే ఆ పాప "అంత దుఃఖమా సార్" అంది. ఆ ఒక్క పూటలో తెలుగూ జరిగింది, గుణకారాలూ జరిగాయి, ఊరి చరిత్రా జరిగింది, నేను టైమ్ టేబుల్లో దాన్ని ఏ పీరియడ్ కింద రాయాలో నాకు తెలియలేదు.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల నుంచి 90ల దాకా బ్రిటన్ సాయంతో ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు) అని ప్రాజెక్టు నడిచింది, చేస్తూ నేర్చుకోవడం, చుట్టుపక్కల దొరికేవి వాడుకోవడం, పిల్లలు చేసినవి క్లాసులోనే పెట్టి చూపించడం అన్నీ అందులో ఉన్నాయి, మా సీనియర్ల దగ్గర నేను నేర్చుకున్నది అదే. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు, ఒకే గదిలో అన్ని క్లాసుల పిల్లలూ ఎవరి వేగంతో వాళ్ళు కార్డు తర్వాత కార్డు చేసుకుంటూ వెళ్తారు, చెన్నై కార్పొరేషన్ టీచర్లు ఇక్కడికొచ్చి అది చూసి నేర్చుకుని వెళ్ళారు, తర్వాత తమిళనాడు మొత్తం పాకింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో కూడా పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనిపెడుతూ నేర్చుకోవాలనే ఉంది. అంటే చట్టం మా వైపే ఉంది, మాకు అడ్డం వస్తున్నది స్టాక్ రిజిస్టరు, వారానికి ఇంత సిలబస్ అన్న లెక్క.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. సాయంత్రం బ్యాగు తీసి ఇవాళ ఎన్ని పేజీలు రాశావు అని అడుగుతున్నారు, పక్కింటి పిల్ల ప్రైవేటు స్కూల్లో రోజూ నాలుగు పేజీల హోంవర్కు రాస్తోంది మీరేంటి చింతగింజలతో ఆడిస్తున్నారు అని నన్నే చాలామంది అడిగారు. రాయడం వద్దు అని నేను అనట్లేదు, ఎక్కాలు నోటికి రావాల్సిందే, చేతిరాత కుదరాల్సిందే, మా దగ్గర అవీ జరుగుతాయి. అసలు చేతికి సామాను ఇచ్చి వదిలేస్తే చదువు రాదు కూడా, ముందు ఏం జరుగుతుందో పిల్లలు అంచనా చెప్పాలి, తర్వాత చేసి చూడాలి, అంచనా ఎందుకు తప్పిందో మాట్లాడుకోవాలి, ఆఖర్న రాయాలి. అలా రాసింది రెండు లైన్లే అయినా సొంత మాటల్లో ఉంటుంది. పేజీలు లెక్కపెట్టే బదులు ఇవాళ ఏం చేశావు, ఏమైంది అని అడగండి, వాళ్ళు చెప్పేది మీరే వింటారుగా.

అధికారులని నేను అడిగేది పెద్దదేమీ కాదు. స్టాక్ రిజిస్టర్లో పిల్లలు వాడుతుంటే పగిలినవి, అరిగినవి, పోయినవి రాసుకోవడానికి వీలివ్వండి, దానికి హెచ్ఎం సంతకం చాలు అనండి, రికవరీ, అంటే పోయినదానికి మా దగ్గర డబ్బు వసూలు చేయడం, అన్న మాట తీసేయండి. ఏడాది చివర్లో ఒక్క బీకరు కూడా పగలని స్కూలుంటే ఎందుకు పగల్లేదు అని అడగండి. స్కూలు చూడ్డానికి వచ్చినప్పుడు నోట్సులు దిద్దారా లేదా అన్నది చూడండి, దాంతోపాటు ఇద్దరు పిల్లల్ని పిలిచి ఆ త్రాసు ఇచ్చి ఏదో ఒకటి తూయమనండి. వారానికి కనీసం రెండు పూటలు సిలబస్ లెక్క లేకుండా మాకు వదిలేయండి.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు అని చాలామంది పెద్దవాళ్ళు కూడా నమ్ముతారు, నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. రెండేళ్ళ కింద మా పిల్లలు గ్రౌండులో మీటరు కర్ర పాతారు, దారానికి రాయి కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూసుకున్నారు, నెలకోసారి మధ్యాహ్నం నీడ బాగా పొట్టిగా ఉన్నప్పుడు గీత గీసి టేపుతో కొలిచారు. డిసెంబరులో నీడ ఉత్తరం వైపు 80 సెంటీమీటర్ల పైన వచ్చింది. జూన్లో చూస్తే దక్షిణం వైపు పడింది, పన్నెండు సెంటీమీటర్లే. నీడ ఇటు నుంచి అటు మారిందంటే మధ్యలో ఒకరోజు అసలు లేకుండా పోవాలి కదా సార్ అని ఒక పిల్లాడు అన్నాడు, నేను చెప్పకుండానే. పోయినేడు ఆగస్టు మొదటి వారం చివర్లో కాపు కాశారు, మొదటి రోజు మబ్బు పట్టింది, రెండో రోజు పన్నెండుంబావు ప్రాంతంలో ఎండ వచ్చింది, కర్ర మొదట్లో నీడ లేదు, పిల్లలు అందరూ కర్ర చుట్టూ వంగి చూస్తున్నారు.

ఇలా మధ్యాహ్నం నీడ లేని రోజు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊళ్ళోనూ ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ఢిల్లీలో ఎప్పటికీ రాదు. మొదటిది మే సెలవుల్లోనో ఏప్రిల్ ఆఖర్లోనో పోతుంది, రెండోది బడి ఉన్న రోజుల్లోనే, శ్రీకాకుళం వైపు జులై ఆఖర్న, హైదరాబాదులో ఆగస్టు 3 ప్రాంతంలో, మా వైపు 7 ప్రాంతంలో, తిరుపతి వైపు 16 ప్రాంతంలో. టీచర్లూ తల్లిదండ్రులూ దయచేసి ఒక కర్ర పాతించండి, రెండు మూడు రోజుల ముందు నుంచే చూడమనండి, పిల్లల్ని సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి. మా పిల్లలు ఈ ఏడు జులై గీత గీసేశారు, తొమ్మిది సెంటీమీటర్లు ఉంది.

ఇట్లు,
ఒక ఎస్జీటీ, పల్నాడు జిల్లా